గండికోటకు చిన్న గ్యాస్ స్టవ్వు: చలి సంగతి పక్కన పెట్టండి, గాలి సంగతి చూడండి

అనంతపురం నుంచి నలుగురు మిత్రులు, రెండు బైకులు, డిసెంబరులో గండికోట దగ్గర రెండు రాత్రులు టెంట్లలో. టీ, టిఫిను, ఒక పూటైనా సంగటి, కోడికూర సొంతంగా వండుకోవాలని మీ కోరిక. అరచేతిలో ఇమిడే బుల్లి స్టవ్వు కొనాలా, బ్రీఫ్‌కేసులా మడిచి పెట్టుకునే పోర్టబుల్ స్టవ్వు కొనాలా, గ్యాసు డబ్బాలు ఎన్ని కావాలి, చలికి గ్యాసు గడ్డకడుతుందని వీడియోల్లో చెప్పేది నిజమేనా, వాన పడితే టెంటులో వండుకోవచ్చా అని అడిగారు. అన్నిటికీ చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి.

నాకు ప్రొద్దుటూరులో గ్యాస్ స్టవ్వుల రిపేరు అంగడి ఉంది. ఇరవై రెండేళ్ళుగా బర్నర్లు కడగడం, జెట్లు మార్చడం, నాబులు బిగించడమే పని. అంగడి మూసిన రోజు మాత్రం కొండలూ కోటలూ. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, పక్కనున్న గండికోట నాకు నెలకొకసారైనా పనికొస్తుంది. మూడు రకాల స్టవ్వులూ అక్కడ వాడాను, ఒకదాని మీద చెయ్యి కాల్చుకున్నంత పనీ అయింది. అదీ చెప్తా.

ముందు చలి ముచ్చట. మీరు చూసిన వీడియోలు మంచుకొండల్లో తిరిగేవాళ్ళవి. వాళ్ళ బాధ వాళ్ళకు నిజమే. ఈ డబ్బాల్లో ఉండేది చాలావరకు బ్యూటేన్. అది సున్నాకు అర డిగ్రీ కింద మరుగుతుంది. అంతకంటే చల్లగా ఉంటే డబ్బాలో ద్రవంగానే కూర్చుంటుంది, ఆవిరై పైకి రాదు, స్టవ్వు వెలగదు. దాన్నే జనం గడ్డకట్టడం అనేస్తున్నారు. నిజంగా గడ్డకట్టాలంటే మైనస్ 138 డిగ్రీలు కావాలి. అందుకే లడఖ్ పోయేవాళ్ళు మైనస్ 12 దగ్గర మరిగే ఐసోబ్యూటేనూ, మైనస్ 42 దగ్గర మరిగే ప్రొపేనూ కలిపిన డబ్బాలు డబ్బు పోసి కొంటారు. మనకు డిసెంబరు తెల్లవారుజామున గండికోటలో పళ్ళు టకటకలాడినా అది 15 డిగ్రీల చలి. మామూలు బ్యూటేన్ హాయిగా మండుతుంది. చలికాలం డబ్బా అని చెప్పి ఎక్కువ రేటుకు అమ్మజూపితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఒక్క చిన్న తిరకాసు మాత్రం ఉంది. గ్యాసు ఆవిరయ్యేటప్పుడు ఆ వేడిని డబ్బా నుంచే లాక్కుంటుంది. పెద్ద మంట మీద పావుగంట వాడి డబ్బా ముట్టుకుంటే కుండలో నీళ్ళలా చల్లగా, పైన చెమ్మ పట్టి ఉంటుంది. మంట సన్నబడుతుంది. డబ్బా అయిపోయిందనుకుని పారేసినవాళ్ళను చూశాను. ఊపి చూడండి, లోపల గలగలమంటే గ్యాసు ఉన్నట్టే. దాన్ని తీసి పక్కన పెట్టి ఇంకొకటి తగిలించండి, లేదా స్టవ్వు నుంచి విప్పి కాసేపు మామూలు నీళ్ళ గిన్నెలో ఉంచండి. వేడినీళ్ళు మాత్రం వద్దు.

ఇక మన సీమలో అసలు శత్రువులు ఇద్దరు. గాలి, ఎండ.

గాలి ఎంతుంటుందో అనంతపురం వాళ్ళకు నేను చెప్పడమేమిటి. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు గదా. గండికోటలో లోయ అంచున, పెన్న కనబడే తావున టెంటు వేసుకుంటే ఫోటో బాగుంటుంది, టీ మాత్రం కాగదు. మంట గిన్నెను వదిలి పక్కకు పోతుంది. అరగంటైనా నీళ్ళు మరగవు, గ్యాసు మాత్రం మండుతూనే ఉంటుంది. వంటకు అంచు నుంచి వెనక్కి వచ్చి, పొద చాటున కాకుండా, పెద్ద బండరాయి చాటునో మట్టిగట్టు చాటునో కూర్చోండి. పొద చాటు ఎందుకు వద్దంటే, డిసెంబరుకు గడ్డి ఎండిపోయి అగ్గిపుల్ల కోసమే ఎదురుచూస్తుంటుంది. స్టవ్వు చుట్టూ రెండు మీటర్ల మేర నేల గీకేసి, కింద కడప బండ ముక్క ఒకటి పరుచుకోండి. ఒక అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్క ఏ బండల ఫ్యాక్టరీ బయటైనా ఊరికే ఇస్తారు. మీరు తాడిపత్రి మీదుగానే వస్తారు కాబట్టి దారిలోనే దొరుకుతుంది. స్టవ్వు వంకర లేకుండా నిలబడుతుంది, గడ్డి అంటుకోదు, తర్వాత కూరగాయలు కోసుకోవడానికీ అదే.

గాలికి అడ్డంగా రేకు పెట్టుకుంటామంటే పెట్టుకోండి, మూడు పక్కలే. నాలుగో పక్క తెరిచి ఉండాలి, రేకుకూ స్టవ్వుకూ నడుమ జానెడు ఖాళీ ఉండాలి. డబ్బా నెత్తిన బిగించే బుల్లి స్టవ్వుకైతే చుట్టూ రేకు చుట్టడం మహా తప్పు. మంట వేడి పైకి పోయే దారి లేక కిందికి, డబ్బా మీదికి తిరుగుతుంది. ఎప్పటికప్పుడు డబ్బా మీద చెయ్యి పెట్టి చూసుకోండి. చల్లగా ఉంటే మేలు, గోరువెచ్చగా ఉంటే జాగ్రత్త, చుర్రుమంటే వెంటనే ఆపేయండి.

ఇప్పుడు ఎండ. డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. 20 డిగ్రీల దగ్గర బ్యూటేన్ డబ్బాలో ఒత్తిడి బయటి గాలి కంటే ఒక బార్ ఎక్కువ ఉంటుంది, బార్ అంటే ఒత్తిడి కొలత. 50 డిగ్రీలకు అది నాలుగు బార్లు. మీ కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త పైన, ఆ టైరు మందం ఎంత, ఈ రేకు మందం ఎంత? కడపలో మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. మీరు డిసెంబరులో పోతున్నారు కాబట్టి ఆ బెంగ తక్కువే. కానీ మిగిలిన డబ్బా డిక్కీలోనే వదిలేసి, ఉగాదికీ అక్కడే, రోహిణి కార్తెకూ అక్కడే ఉంచేవాళ్ళు ఎంతమందో. తిరిగొచ్చిన రోజే డబ్బా ఇంట్లోకి తెచ్చి, నీడపట్టున, నిలబెట్టి, మూత పెట్టి ఉంచండి. వంటగట్టు కింద సిలిండరు పక్కన కాదు, మిద్దె మీద రేకుల గదిలో అసలే కాదు.

బైకులకు ఇంకో మాట. సైడు బ్యాగులు వేసుకుంటారు గదా, సైలెన్సరు వైపు బ్యాగులో డబ్బాలు పెట్టొద్దు. అవతలి వైపు పెట్టండి, ఎండ నేరుగా తగలకుండా దుప్పటిలో చుట్టండి. స్టవ్వుకు తగిలించి ఉంచిన డబ్బాతో ప్రయాణం చేయొద్దు, ఏ రకమైనా సరే. గుంతల్లో ఎగిరినప్పుడు నాబు కాస్త తిరిగిందా, తాడిపత్రి చేరేసరికి డబ్బా ఖాళీ అవుతుంది, అదీ అదృష్టం బాగుంటేనే. హైదరాబాదు నుంచి మీవాళ్ళెవరైనా ముద్దనూరు దాకా రైల్లో వచ్చి కలుస్తామంటే డబ్బాలు వాళ్ళ చేతికి అప్పజెప్పొద్దు. రైల్లో గ్యాసు తీసుకుపోవడం 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ళ దాకా జైలుకు అవకాశం ఉంది. విమానం సంగతి చెప్పనక్కర్లేదు.

సరే, ఏ స్టవ్వు?

బుల్లి స్టవ్వు అంటే పొట్టి గుండ్రటి డబ్బా నెత్తిన మరతో తిప్పి బిగించేది. మూడు కాళ్ళు విప్పితే పువ్వులా ఉంటుంది, బరువు నూరు గ్రాములు అటూఇటూ. డబ్బాల్లో 110, 230, 450 గ్రాముల సైజులు ఉంటాయి. ఒక్కడే వీపు సంచి వేసుకుని కొండ ఎక్కేవాడికి దీన్ని మించింది లేదు. ఒక గ్లాసు టీ, ఒక మ్యాగీ, అంతే. నలుగురి వంటకు ఇది చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే సంగటి చేసి చూడాలి.

నేను చేశాను. బియ్యం మెత్తబడినాక రాగిపిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో బెజ్జం చేసి, మూతేసి సన్నమంట మీద మగ్గబెట్టాలి గదా. ఆ బుల్లి బర్నరు తల రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది. మంటంతా గిన్నె అడుగున ఒకే చోట పొడుస్తుంది. సిమ్‌లో పెడితే గాలికి ఆరిపోతుంది, పెంచితే నడుమ మాడుతుంది. మూత తీస్తే మధ్యలో నల్లటి బిళ్ళ, అంచుల్లో పచ్చిపిండి. పోనీ అని గెలకడానికి కట్టె పెట్టానా, కాళ్ళ మీద గిన్నె, గిన్నె కింద స్టవ్వు, స్టవ్వు కింద గుండ్రటి డబ్బా, అంతా కలిసి కొత్తగా నడక నేర్చిన పిల్లాడిలా ఊగింది. మావాడొకడు పక్కనుంచి గిన్నె పట్టుకోబట్టి సరిపోయింది. రెండు లీటర్ల గిన్నె దాటితే బుల్లి స్టవ్వు మీద పెట్టొద్దు. కట్టెతో గెలికేది ఏదైనా సరే, కిందికి దించి గెలకండి.

పైపు స్టవ్వు అని ఇంకోటి ఉంది. స్టవ్వు నేల మీద, డబ్బా పక్కన, నడుమ జడలాంటి పైపు. ఎత్తు తక్కువ కాబట్టి బోల్తా పడదు, డబ్బా దూరంగా ఉంటుంది కాబట్టి గాలి రేకు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. నిజానికి బైకు మీద తిరిగేవాళ్ళకు నాకు నచ్చేది ఇదే. కానీ దీనికి చాలావరకు ఆ మర డబ్బానే కావాలి. ఆ డబ్బా మన ఊళ్ళల్లో అంగట్లో దొరకదు, ముందే తెప్పించుకోవాలి, ధర కూడా ఎక్కువ.

మూడోది పోర్టబుల్ స్టవ్వు, మీరు బ్రీఫ్‌కేసు అన్నది. ఒక పక్క బర్నరు, ఇంకో పక్క మూత కింద పొడుగు డబ్బా పడుకుని ఉంటుంది. స్ప్రే డబ్బాలా కనబడే ఆ డబ్బాలో 220, 225 గ్రాముల గ్యాసు ఉంటుంది. చవక. పెద్ద ఊళ్ళల్లో హోటల్ సామాన్ల అంగళ్ళలో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో నాలుగేసి కట్టలుగా వస్తుంది. బర్నరు ఇంటి స్టవ్వంత వెడల్పు, మూడు లీటర్ల కుక్కరు దర్జాగా కూర్చుంటుంది. బరువు రెండు కిలోల పైనే, బైకు మీద జాగా తింటుంది. అయినా నలుగురికి, రెండు రోజులకు, వంట చేసుకోవాలన్న సరదా ఉన్నవాళ్ళకు ఇదే కొనమంటాను. ఇంట్లో సిలిండరు అయిపోయిన రోజు మీ అమ్మగారు కూడా మెచ్చుకుంటారు.

ఫలానా బ్రాండు అని చెప్పను. కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూడాల్సింది చెప్తా. డబ్బా మెడ దగ్గర అంచులో చిన్న గాటు ఉంటుంది. స్టవ్వు లోపల దానికి సరిపడే నాలుక ఉంటుంది. ఆ గాటు పైకి వచ్చేలా పడుకోబెట్టి మీట నొక్కితేనే డబ్బా లాక్ అవ్వాలి. ఆ గాటు ఊరికే పెట్టింది కాదు. లోపల ఒక వంకర గొట్టం ఉంటుంది, గాటు పైకి ఉంటే దాని మూతి డబ్బాలో పైభాగాన ఆవిరి ఉన్నచోట ఉంటుంది. డబ్బా తిరగబడితే ఆవిరికి బదులు ద్రవమే బర్నరులోకి వచ్చి, మనిషెత్తు పసుపు మంట లేస్తుంది. చవక స్టవ్వుల్లో ఆ నాలుక వదులుగా ఉండి డబ్బాను ఎలా పెట్టినా ఒప్పుకుంటుంది, అలాంటిది తీసుకోవద్దు. రెండోది, ఒత్తిడి పెరిగితే డబ్బాను తనంతట తానే వదిలేసే ఏర్పాటు ఉందా అని అడగండి. ఉంటే అట్టపెట్టె మీదే రాసి ఉంటుంది. మూడోది, మీట నాలుగైదుసార్లు ఎత్తి దించి చూడండి. గట్టిగా, ఒకే తీరుగా పడాలి. అంతే. రంగు, డిజైను మీ ఇష్టం.

ఆ ఒత్తిడి ఏర్పాటు గురించి నా సంగతి. నాలుగేళ్ళ కింద, కోట బయట టెంట్లు వేసే మైదానంలో బంధువులూ పిల్లలూ కలిసి పదకొండు మందిమి. పోర్టబుల్ స్టవ్వు ఒక్కటే. పదకొండు మందికి పలావు అని వెడల్పాటి దబర పెట్టాను. దాని అంచు బర్నరు దాటి పక్కకు, డబ్బా మూత మీదికి వచ్చింది. చూశాను, పర్వాలేదులే అనుకున్నా. పావుగంటకు టక్‌మని మీట పైకి లేచింది, మంట ఆరింది. స్టవ్వు మొరాయించిందని మీట మళ్ళీ నొక్కి వెలిగించా. రెండు నిమిషాలకు మళ్ళీ టక్. ఇరవై ఏళ్ళ అనుభవం గదా నాది, స్ప్రింగు లూజైందని తీర్మానించేసి మూడోసారి నొక్కబోతున్నా. మా అక్క కొడుకు, తొమ్మిదో తరగతి, "మామా, ఆ మూత మీద చెయ్యి పెట్టి చూడు" అన్నాడు.

పెట్టాను. పెట్టిన చెయ్యి పెట్టినట్టే వెనక్కి వచ్చింది.

దబర అడుగు వేడంతా ఆ రేకు మూత మీద పడి, దాని కింద డబ్బా కాగిపోతోంది. స్టవ్వు రెండుసార్లు నా ప్రాణం కాపాడింది, నేను రెండుసార్లు దాన్ని తిట్టుకుంటూ మళ్ళీ వెలిగించాను. పిల్లలను దూరం పంపి, దబర దించి, డబ్బా చల్లారేదాకా అరగంట ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఆ పూట పలావు సగం ఉడికింది, సగం ఉడకలేదు, అందరూ తిన్నారు. మీకు చెప్పొచ్చేదేంటంటే, గిన్నె అంచు డబ్బా మూత మీదికి రాకూడదు. పెద్ద పెనం, రెండు స్టవ్వులు పక్కపక్కన పెట్టి ఒకే దబర, స్టవ్వు మీద బొగ్గులు రాజేయడం, ఇవన్నీ ఆ కోవలోవే. మీట తనంతట తాను లేస్తే స్టవ్వు ఏదో చెప్తోందని అర్థం.

పదిమందికి పైన వండాలంటే ఈ డబ్బాల జోలికే పోవద్దు. కారులో వెళ్తుంటే గ్యాస్ కంపెనీల 5 కిలోల చిన్న సిలిండర్లు ఉన్నాయి. ఇండేన్ వాళ్ళు దాన్ని ఛోటూ అంటారు, కనెక్షను లేకున్నా గుర్తింపు కార్డు చూపిస్తే ఏజెన్సీలో ఇస్తారు. దానికి రెగ్యులేటరు, పైపు, ఒక మామూలు స్టవ్వు. సంతల్లో కంపెనీ పేరు లేకుండా నెత్తిన బర్నరు బిగించి అమ్మే బుడ్డి సిలిండర్లు మాత్రం కొనొద్దు.

డబ్బాలు ఎన్ని అన్నదానికి నాతో పాటు లెక్క వేయండి. లీటరు నీళ్ళు 25 డిగ్రీల నుంచి మరిగేదాకా 75 కిలోకేలరీలు కావాలి. ఒక గ్రాము గ్యాసు దాదాపు 11 ఇస్తుంది. అంటే ఏడు గ్రాములు చాలాలి, కానీ మంటలో సగం గిన్నెకు తగలకుండానే పోతుంది, కాబట్టి 14 వేసుకోండి. గాలి చాటు లేకపోతే 30 కూడా అవుతుంది. నలుగురికి ఒకసారి టీ అంటే, మరగబెట్టడంతో కలిపి 15 గ్రాములు. రెండు రోజుల్లో ఆరుసార్లు తాగితే 90. రెండు టిఫిన్లకు 60, అన్నం, పప్పు కుక్కర్లో వండితే పూటకు 60 నుంచి 70, సంగటీ కోడికూరా చేసే పూట మాత్రం నాటుకోడి ఉడకడాన్ని బట్టి 130, 150 దాకా. మొత్తం మీద నాలుగు వందల పైచిలుకు. పొడుగు డబ్బాలు రెండు సరిగ్గా సరిపోతాయి, మూడు తీసుకుపోండి. బాయిలర్ కోడి అయితే ఇంకా తక్కువలో అయిపోతుంది గానీ, అంతదూరం పోయి బాయిలర్ కోడి వండుకుంటారా?

సగం వాడిన డబ్బాలో ఎంత ఉందో తెలియాలంటే కొన్నరోజే వంటింటి త్రాసు మీద తూచి, బరువు మార్కరుతో డబ్బా మీదే రాసిపెట్టండి. ఊపి చూసి చెప్పే లెక్క నాకూ తప్పుతుంది.

వెలిగించడం గురించి రెండు మాటలు. బైకు దిగిన వెంటనే వెలిగించొద్దు, కుదుపులకు ద్రవం అంతా కలగాపులగంగా ఉంటుంది, పది నిమిషాలు కుదురుకోనివ్వండి. డబ్బా తగిలించాక ముక్కుతో, చెవితో చూడండి. వాసన గానీ, సన్నగా సుయ్‌మనే చప్పుడు గానీ ఉందా? అనుమానం ఉంటే సబ్బునురుగు రాయండి, బుడగ లేస్తే లీకే. అగ్గిపుల్ల గీసి లీకు చూసే మహానుభావులు మా అంగడికి ఇప్పటికీ వస్తుంటారు, కనుబొమలు ఉన్నాయో లేవో చూస్తే తెలిసిపోతుంది. మర డబ్బా అయితే స్టవ్వు మెడలో నల్ల రబ్బరు రింగు ఉంటుంది. దాని మీద ఇసుక రేణువు ఉన్నా లీకు అవుతుంది. తుడిచి, చేత్తోనే బిగించండి, పానా పెట్టొద్దు. బిగించేటప్పుడు, విప్పేటప్పుడు ఒక్క క్షణం సుస్‌మనడం మామూలే.

నాబు తిప్పితే టక్కుమని నిప్పురవ్వ వచ్చే ఏర్పాటు ఒక సీజనులోనే చచ్చిపోతుంది. అగ్గిపెట్టె జేబులో ఉండాలి. ముందు పుల్ల గీసి, తర్వాత గ్యాసు తిప్పండి. అటుది ఇటు చేస్తే ఆ రెండు సెకన్లలో గ్యాసు పోగవుతుంది. బ్యూటేన్ గాలి కంటే రెండింతలు బరువు, పైకి పోదు, నీళ్ళలా పల్లానికి పారి గుంతలో నిలుస్తుంది. అందుకే స్టవ్వు గుంతలో పెట్టొద్దు. ఇంకొకటి, మిట్టమధ్యాహ్నం ఎండలో నీలం మంట కంటికి కనబడదు. ఆరిందనుకుని గిన్నె ఆనించే కాళ్ళు పట్టుకోబోయి వేళ్ళు కాల్చుకున్నవాళ్ళున్నారు. అరచెయ్యి ఎత్తున పెట్టి వేడి చూసుకున్నాకే ముట్టండి. మంట పసుపుగా, మసి పట్టేలా వస్తోందంటే బర్నరుకు గాలి అందడం లేదు. పక్కన గాలి పీల్చే బెజ్జాల్లో సాలెపురుగు గూడు కట్టి ఉంటుంది, నూటికి తొంభైసార్లు అదే. బ్రష్షుతో దులపండి. గ్యాసు చిమ్మే జెట్టు బెజ్జంలో గుండుసూది గుచ్చొద్దు, బెజ్జం పెద్దదైతే ఇక ఆ మంట మీ మాట వినదు.

టెంటులో వండొచ్చా అన్నారు. వద్దు. వాన పడినా వద్దు, చలి కాచుకోవడానికైనా వద్దు. గుడ్డ అంటుకుంటుందన్నది ఒక భయం. దానికంటే పెద్దది కార్బన్ మోనాక్సైడ్. మూసిన చోట గాలి చాలక మంట సరిగా మండకపోతే పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. గ్యాసు లీకైతే వాసన వచ్చేలా మందు కలుపుతారు, దీనికి ఆ దయ కూడా లేదు. తలనొప్పి, మగత, నిద్ర, అంతే, పొద్దున లేవరు. జిప్పు కాస్త తెరిచి పెట్టుకుంటాంలే అనే బేరం వద్దు. వాన పడితే టెంటు బయట టార్పాలిను పట్టా ఒకటి ఎత్తుగా కట్టి, నాలుగు పక్కలా తెరిచి ఉంచి దాని కింద వండుకోండి. మనకు డిసెంబరులో తుపాను పట్టినప్పుడే గదా వాన, అదీ పడితే జమ్మలమడుగు పదిహేను కిలోమీటర్లే, హోటల్లో తినండి. తప్పేమీ లేదు.

గండికోట తర్వాత అహోబిలం, నల్లమల వైపు పోతామని కూడా రాశారు. అక్కడికి ఈ స్టవ్వు తీసుకుపోవద్దు. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం, స్టవ్వైనా నిప్పే. గండికోటలో కూడా గుడి, మసీదు, ధాన్యాగారం ఉన్న కోట లోపల కాదు, బయట టెంట్లకు వదిలిన తావులోనే వండుకోండి.

ఖాళీ డబ్బాలో ఇంటి సిలిండరు నుంచి గ్యాసు నింపే అడాప్టర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నన్ను కూడా నెలకు ఇద్దరు ముగ్గురు "అన్నా, ఇది ఎట్ల తగిలించాల?" అని తెచ్చి చూపిస్తారు. ఇంటి గ్యాసులో ప్రొపేన్ కలిసి ఉంటుంది, దాని ఒత్తిడి బ్యూటేన్ కంటే చాలా ఎక్కువ. ఈ పలుచటి రేకు దానికోసం చేసింది కాదు. పైగా ఎంత నింపామో తెలియదు. డబ్బాలో పైన కొంత ఖాళీ ఉండాలి, నిండా కుక్కితే ఎండకు ద్రవం వ్యాకోచించి చోటు లేక రేకును చీల్చుకుని వస్తుంది. తగిలించి ఇవ్వను, ఎట్ల తగిలించాలో చెప్పను కూడా.

అయిపోయిన డబ్బా చలిమంటలో వేయొద్దు, పిల్లలు సరదాకు వేస్తుంటారు, కన్నేసి ఉంచండి. చివరి చుక్క దాకా మండించి, చల్లారాక ఇంటికి తెచ్చి, పాత ఇనుము కొట్టువాడికి ఖాళీదని చెప్పి ఇవ్వండి.

గ్యాసు మిగలాలంటే సామాను ఇంటి నుంచే తయారుగా తీసుకుపోవడం మేలు. కందిపప్పు పొద్దున బయల్దేరేటప్పుడే డబ్బాలో నానబెట్టుకుంటే మధ్యాహ్నానికి కుక్కర్లో రెండు విజిల్స్‌కు మెత్తబడుతుంది. టిఫినుకు ఉగ్గాని చేసుకోండి. బొరుగులు చన్నీళ్ళలో తడిపి పిండేయడమే, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తిరువాతకు మాత్రమే మంట కావాలి, ఐదు నిమిషాలు. పుట్నాల పొడి అమ్మ చేతిది ఒక సీసా. బజ్జీల కోసం నూనె బాణలి మాత్రం ఆ స్టవ్వు మీద పెట్టొద్దు. గాలికి మంట ఎటు తిరుగుతుందో తెలియని చోట కాగే నూనె వద్దే వద్దు, బజ్జీలు జమ్మలమడుగులో కట్టించుకుని రండి.